చిన్న ప్రభుత్వ కన్సల్టెన్సీలో ఉద్యోగం: చేరే ముందు బిల్లుల సంగతి కనుక్కోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ప్లానింగ్‌లో పీజీ చేశారు, రెండేళ్ల అనుభవం ఉంది. హైదరాబాద్‌లో 35 మంది పనిచేసే ఒక కన్సల్టెన్సీ మీకు నెలకు 52 వేలు ఇస్తామంది, పని మాత్రం విజయవాడలో ఒక ప్రభుత్వ శాఖ పీఎంయూలో (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ యూనిట్, అంటే శాఖ ప్రాజెక్టుల పని చూసే విభాగం) కూర్చుని చేయాలి. ఆ సంస్థలో పనిచేసి వెళ్లినవాళ్లలో సగం మంది చాలా నేర్చుకున్నాం అంటున్నారు, సగం మంది జీతాలు టైముకు రావు, చేరొద్దు అంటున్నారు. ఎవరిని నమ్మాలి అని మీ ప్రశ్న.

ఇద్దరినీ నమ్మండి. నేను 2011 నుంచి ఇలాంటి చిన్న సంస్థల్లోనే పనిచేశాను, మొత్తం మూడు మారాను, మొదటిదాంట్లో మేం పన్నెండు మందిమే. మంచి మాట రాసినవాళ్లూ, తిట్టినవాళ్లూ చాలాసార్లు ఒకే సంస్థలో, ఒకే గదిలో, వేర్వేరు నెలల్లో పనిచేసినవాళ్లే. బిల్లు, అంటే చేసిన పనికి శాఖ సంస్థకు ఇచ్చే డబ్బు, వచ్చిన ఏడాదిలో ఉన్నవాడికి అది మంచి సంస్థ. బిల్లు ఆగిన ఏడాదిలో చేరినవాడికి అదే నరకం. కాబట్టి సంస్థ మంచిదా చెడ్డదా అని అడగడం కంటే, బిల్లు రాని నెలల్లో ఆ యజమాని మనుషులతో ఎలా ఉన్నాడు అని అడిగితే మీకు పనికొచ్చే సమాధానం దొరుకుతుంది. నేను ఇకపై రాసేదంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందు పని ఎలా ఉంటుందో చెప్తాను. పీఎంయూలో కూర్చున్నాక మీకు జీతం ఇచ్చేది ఒకరు, పని చెప్పేది ఇంకొకరు. అటెండెన్స్ మీద సంతకం పెట్టేది శాఖలో నోడల్ ఆఫీసర్, సెలవు అడగాల్సింది ఇద్దరినీ. రేపు పొద్దున సెక్రటరీ గారి రివ్యూ ఉంది, ఇరవై స్లైడ్లు కావాలి అని రాత్రి తొమ్మిదికి ఫోన్ వస్తుంది, అప్పుడు మీ కంపెనీ హెచ్‌ఆర్ పాలసీలో పని గంటలు ఎన్ని అని రాసి ఉన్నా ఉపయోగం లేదు. ఆఫీసర్లలో రకరకాల వాళ్లు ఉంటారు. కొందరు పక్కన కూర్చోబెట్టుకుని ఫైలు చదవడం నేర్పుతారు, కొందరు మిమ్మల్ని టైపిస్టులాగా వాడుకుంటారు, రెండు రకాల వాళ్లూ నాకు తగిలారు. సెక్షన్‌లో సూపరింటెండెంట్‌తో, సీనియర్ అసిస్టెంట్‌తో మర్యాదగా, మనస్ఫూర్తిగా ఉండండి, వాళ్లకు ఆ శాఖ ఇరవై ఏళ్ల చరిత్ర నోటికి వచ్చు. పెద్ద కాలేజీల నుంచి వచ్చిన చాలామంది వాళ్లను పట్టించుకోకుండా నేరుగా పై ఆఫీసర్ గదికే వెళ్తుంటారు, ఆరు నెలల తర్వాత వాళ్ల ఫైళ్లు ఎందుకు కదలట్లేదో వాళ్లకు అర్థం కాదు.

సమయంలో ఎక్కువ భాగం డేటాకే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 123 పట్టణ స్థానిక సంస్థలు ఉన్నాయి. ఒక ఫార్మాట్ పంపి సాయంత్రానికి నింపి పంపండి అంటే, కొన్ని చోట్ల నుంచి పోయిన నెల అంకెలే తేదీ మార్చి వస్తాయి. తప్పు అక్కడ కూర్చున్నవాళ్లది అనుకోకండి. 2019లో సచివాలయ వ్యవస్థ వచ్చాక వార్డు స్థాయిలో మనుషులైతే వచ్చారు కానీ, ఒక్కొక్కరి మీద ఒకేసారి పది యాప్‌ల పని పడింది. నేను ఒక దశలో ఫార్మాట్‌లో ఇరవై రెండు కాలమ్‌లు ఉంటే అందులో నిజంగా ఎవరూ చూడని పధ్నాలుగు తీసేయమని ఆఫీసర్‌ని ఒప్పించాను. తర్వాతి వారం నుంచి అంకెలు సరిగ్గా రావడం మొదలైంది. ఈ ఉద్యోగంలో నాకు బాగా గుర్తుండిపోయిన పనుల్లో అదొకటి, బయటివాళ్లకు చెప్తే ఇదేం పని అంటారు.

ఇప్పుడు డబ్బు సంగతి. దీన్ని కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు.

నెలాఖరుకు మీ అటెండెన్స్ సర్టిఫై అవుతుంది, కంపెనీ ఇన్‌వాయిస్ ఇస్తుంది, సెక్షన్‌లో నోట్ ఫైల్ పెడతారు, అది పైకి వెళ్లి ఆమోదం పొంది వస్తుంది, ఆ తర్వాత బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో, అంటే ఆంధ్రలో అయితే సీఎఫ్‌ఎంఎస్‌లో, తెలంగాణలో అయితే ఐఎఫ్‌ఎంఐఎస్‌లో ఎక్కుతుంది. అక్కడితో అయిపోదు, ఆర్థిక శాఖ నిధులు వదిలేదాకా బిల్లు అలాగే ఉంటుంది. కేంద్ర పథకం అయితే పీఎంయూ ఖర్చు చాలావరకు ఏ అండ్ ఓఈ (పరిపాలన, ఇతర ఖర్చులు) అనే పద్దు నుంచి వస్తుంది, కేంద్రం వాటా రావాలంటే ముందు విడతకు యూసీలు (డబ్బు ఖర్చు చేశామని ఇచ్చే వినియోగ పత్రాలు) వెళ్లి ఉండాలి, 2021 జూలైలో ఆ డబ్బును ఒక్కో పథకానికి ఒకే ఖాతా (ఎస్ఎన్ఏ) ద్వారా నడపడం మొదలైంది. ఈ గొలుసులో ఎక్కడ ఆగినా బిల్లు ఆగినట్టే. ఫైల్ మీద సంతకం పెట్టాల్సిన ఆఫీసర్ బదిలీ అయితే ఆగుతుంది, కొత్తగా వచ్చినాయన ఈ కన్సల్టెంట్లు ఏం చేశారో మొత్తం రిపోర్ట్ ఇవ్వమంటే ఆగుతుంది, మార్చి 31 దాటితే బడ్జెట్ కాలం చెల్లి మళ్లీ మొదటి నుంచి అనుమతులు తెచ్చుకోవాలి.

అటు కంపెనీ చేతిలో ఏం ఉంటుందో చూడండి. ఇన్‌వాయిస్ ఇచ్చాక జీఎస్టీ వర్తించే పనైతే 18 శాతం వచ్చే నెల 20వ తేదీకల్లా కట్టాలి, శాఖ ఇచ్చిందా లేదా అన్నది జీఎస్టీ వాళ్లకు అనవసరం. డబ్బు వచ్చినప్పుడు ఆదాయపు పన్ను టీడీఎస్ పోతుంది, రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్ట్ అయితే జీఎస్టీ టీడీఎస్ ఇంకో 2 శాతం పోతుంది. పని సరిగ్గా చేస్తామన్న హామీకి, అంటే పెర్ఫార్మెన్స్ గ్యారంటీ కింద కొంత డబ్బు బ్యాంకులో ఇరుక్కుని ఉంటుంది. 35 మంది ఉన్న సంస్థకు నెలకు జీతాలే 20 లక్షలు అనుకుందాం, నాలుగు నెలలు బిల్లు ఆగితే యజమాని 80 లక్షలు ఎక్కడి నుంచో తేవాలి. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాదు, చిన్న సంస్థ యజమాని ఇల్లు తాకట్టు పెడతాడు, లేకపోతే మీ జీతం ఆపుతాడు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల లోపు డబ్బు ఇవ్వాలి, ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకు 2017లో సమాధాన్ అనే పోర్టల్ కూడా వచ్చింది. నేను పనిచేసిన మూడు సంస్థల్లో ఒక్కటీ దాంట్లో ఫిర్యాదు పెట్టలేదు. వచ్చే టెండర్ కూడా అదే శాఖలో వేయాలి కదా అనేదే వాళ్ల సమాధానం, ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ దాని భారం చివరికి పడేది అద్దె కట్టాల్సిన పాతికేళ్ల పిల్లల మీద. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

2024లో ఏం జరిగిందో చెప్తాను. ఆ మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న ఫలితాలు. మా మూడు నెలల బిల్లులు ఫిబ్రవరిలో పైకి వెళ్లి అక్కడే ఉండిపోయాయి. కోడ్‌లో ఎవరూ సంతకం పెట్టరు, ప్రభుత్వం మారాక పాత ఒప్పందాలన్నీ మళ్లీ పరిశీలిస్తామన్నారు, రోజూ బిల్లు నంబర్ కొట్టి స్టేటస్ చూడటం తప్ప చేయగలిగింది లేదు. మా యజమాని రిటైర్డ్ ఇంజనీర్. ఏప్రిల్ మొదటి వారంలో అందరినీ కూర్చోబెట్టి, బ్యాంక్‌లో ఎంత ఉందో, ఏ బిల్లు ఎక్కడ ఆగిందో కాగితం మీద చూపించారు. 40 వేల లోపు జీతం ఉన్నవాళ్లందరికీ పూర్తిగా ఇస్తాను, పైవాళ్లకు సగం, మిగతాది బిల్లు రాగానే అన్నారు, వేరే చోట ఆఫర్ ఉన్నవాళ్లు నోటీస్ పీరియడ్ లేకుండా వెళ్లొచ్చు, రిలీవింగ్ లెటర్ అదే రోజు ఇస్తాను అని కూడా అన్నారు. నాకు అయిదు నెలలు సగం జీతమే వచ్చింది, సెప్టెంబర్‌లో మొత్తం బాకీ తీర్చారు. ఆ సమయంలో ఇంట్లో టెన్షన్ తక్కువేం లేదు, మా అమ్మాయి స్కూల్ ఫీజు మా తమ్ముడు కట్టాడు. అయినా ఆయన దగ్గర పనిచేసినందుకు నాకు గర్వమే.

అంతకు ముందు నేను పనిచేసిన సంస్థ దీనికి పూర్తిగా రివర్స్. బిల్లు వచ్చిందని మాకు శాఖలో అకౌంట్స్ వాళ్లే చెప్పారు, యజమాని మాత్రం ఇంకా రాలేదు అంటూ రెండు నెలలు గడిపాడు, ఆ డబ్బు ఇంకో ఊళ్లో టెండర్ డిపాజిట్‌కు పెట్టాడని తర్వాత తెలిసింది. అడిగినవాళ్లకు రేపు, ఎల్లుండి. మానేస్తానన్నవాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఉన్నాయి. దయచేసి ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, ఏ సాకు చెప్పినా సరే.

కాబట్టి ఆఫర్‌కు సరే అనే ముందు అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరితో, మానేసిన ఒకరితో ఫోన్‌లో మాట్లాడండి. 2024 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జీతాలు ఏ తేదీన పడ్డాయి అని నేరుగా అడగండి. జనం ఆ నెలలు మర్చిపోరు. పీఎఫ్ కడుతున్నారా అని కనుక్కోండి, 20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది, ప్రతి నెలా 15వ తేదీలోపు జమ కావాలి, చేరాక మీ పాస్‌బుక్ ఉమంగ్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు. పే స్లిప్‌లో కోత కనిపించి పాస్‌బుక్‌లో జమ కనిపించకపోతే ఆ సంస్థ మీ డబ్బుతో నడుస్తోందని అర్థం, అప్పుడు వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి. ఇంకొకటి, చాలా చిన్న సంస్థలు ఉద్యోగి అని కాకుండా కన్సల్టెంట్ అని లెటర్ ఇచ్చి, 10 శాతం టీడీఎస్ కోసి, పీఎఫ్, గ్రాట్యుటీ రెండూ ఎగ్గొడతాయి. మీ 52 వేలు ఏ పద్ధతిలోనో ఆఫర్ లెటర్‌లో చూడండి. కన్సల్టెంట్ పద్ధతి అయితే ఆ 52 వేలు చేతికి 46,800, పన్ను వెనక్కి వచ్చినా రిటర్న్ వేశాకే.

జీతం ఎంత అడగాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. మీ సీటుకు శాఖ కంపెనీకి ఇచ్చే నెల రేటు ఒప్పందంలో ఉంటుంది, శాఖలో కూర్చున్నాక ఎలాగూ మీకు తెలుస్తుంది, తెలిసిన రోజు చాలామందికి నిద్ర పట్టదు. నా మొదటి పీఎంయూలో నా రేటు లక్షా నలభై వేలు, నా జీతం 48 వేలు. తేడా అంతా లాభం కాదు, పైన చెప్పిన గ్యారంటీలు, వడ్డీలు, ఓడిపోయిన టెండర్ల ఖర్చు, ప్రాజెక్ట్ లేకుండా ఆఫీసులో కూర్చున్నవాళ్ల జీతం అన్నీ అందులోనే. నా అనుభవంలో రేటులో సగం దాకా మనిషికి ఇచ్చే సంస్థ న్యాయంగా ఉన్నట్టు, మూడో వంతుకు తగ్గితే దోపిడీ. విజయవాడ పోస్టింగ్ కాబట్టి జిల్లాలకు వెళ్లినప్పుడు టీఏ, బస ఎవరిస్తారో ఇప్పుడే రాయించుకోండి, సొంత డబ్బుతో తిరిగి తర్వాత తీసుకో అంటే ఆ తర్వాత ఎప్పుడూ రాదు.

మీ సీవీ సంగతి కూడా చెప్పాలి. ఈ టెండర్లలో ఎక్కువ భాగం క్యూసీబీఎస్ పద్ధతి, అంటే టెక్నికల్ మార్కులకు 70, 80 శాతం బరువు, ధరకు మిగతాది. టెక్నికల్ మార్కుల్లో పెద్ద వాటా మనుషుల సీవీలకే. అందుకే చిన్న సంస్థకు మీ సీవీయే సరుకు. ఒకే సమయంలో మూడు టెండర్లలో మీ పేరు ఉండొచ్చు, అది మీకు తెలియకుండా కూడా ఉండొచ్చు. రెండేళ్ల అనుభవాన్ని అయిదేళ్లని రాసి సంతకం పెట్టమన్న సంఘటన నా కళ్ల ముందు జరిగింది, పెట్టనన్న అమ్మాయికి ఆ ప్రాజెక్ట్ పోయింది కానీ ఏడాది తర్వాత ఆమెకు వేరే సంస్థలో మంచి ఉద్యోగం వచ్చింది. అబద్ధం బయటపడితే సంస్థను బ్లాక్‌లిస్ట్ చేస్తారు, కింద ఉన్న సంతకం మాత్రం మీది. ప్రతి పేజీ చదివి సంతకం పెట్టండి, తేదీ వేయండి, కాపీ ఉంచుకోండి.

బిల్లు కదిలించడానికి ఎవరికో కవర్ ఇచ్చి రమ్మని చిన్నవాళ్లను పంపడం కూడా జరుగుతుంది. వెళ్లకండి. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో ఇచ్చినవాళ్లకూ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, బలవంతం మీద ఇచ్చామంటే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసి ఉండాలి. యజమాని పంపాడు సార్ అంటే ఎవరూ వినరు.

అమ్మాయిలకు ఒక మాట. రాత్రి మీటింగ్‌లు, జిల్లా టూర్లు తప్పవు. వాహనం ఎవరు ఇస్తారో, తోడు ఎవరు వస్తారో ముందే మాట్లాడుకోండి. పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, అందులో ఎవరున్నారు అని అడిగితే పేర్లు చెప్పగలగాలి. తడబడితే అది కూడా ఒక సమాచారమే.

ఇంత చెప్పాక, మరి నేను ఎందుకు ఇన్నేళ్లు ఉన్నాను అని మీకు అనిపించవచ్చు. 2016లో ఒక చిన్న మున్సిపాలిటీకి నీటి సరఫరా డీపీఆర్ (ప్రాజెక్ట్ పూర్తి వివరాల నివేదిక) రాస్తున్నాం, పట్టణాల నీటి సరఫరా లాంటి వాటికి కేంద్రం తెచ్చిన అమృత్ పథకం మొదలైన మరుసటి ఏడాది. రికార్డుల్లో ఒక పేటలో పాత ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంట్) పైపులు తీసేసి కొత్తవి వేసినట్టు ఉంది. పెద్ద సంస్థలో అయితే ఆ మ్యాప్ మీదే డిజైన్ అయిపోయేది. మాకు సాఫ్ట్‌వేర్ కొనే డబ్బు లేక నడుచుకుంటూ వెళ్లాం. అక్కడ ముప్పై ఏళ్లుగా వాల్వులు తిప్పుతున్న ఫిట్టర్ ఒకాయన మమ్మల్ని ఆపి, అప్పట్లో రోడ్డు కొత్తగా వేశారని తవ్వనివ్వలేదు సార్, సగం దాకానే మారింది, మిగతాది పాత లైనే అన్నాడు. గుంత తీసి చూశాం, నిజమే. అంచనా మారింది, డిజైన్ మారింది, ఆ చివరి వీధుల వాళ్లకు నీళ్లు వచ్చాయి. రెండేళ్ల తర్వాత నేను వేరే పని మీద ఆ ఊరు వెళ్లినప్పుడు పొద్దున్నే కుళాయి దగ్గర బిందెలు నిండటం చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను. పాతికేళ్ల వయసులో డీపీఆర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీ చేత్తో రాసే అవకాశం చిన్న సంస్థలోనే వస్తుంది. పెద్దదాంట్లో మీకు నాలుగో చాప్టర్‌లో రెండు టేబుళ్లు ఇస్తారు.

ఫైలు ఎలా కదులుతుంది, ఒక జీవో ఎలా పుడుతుంది, ఏ ప్రశ్న వస్తుందని ముందే ఊహించి నోట్‌లో జవాబు ఎలా రాయాలి, ఇవి ఇక్కడే నేర్చుకుంటారు. తెలుగులో నోట్ రాయడం, అను అనే పాత తెలుగు ఫాంట్‌లో వచ్చిన ఉత్తరాన్ని యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దడం లాంటివి వస్తే మీ విలువ ఇంకా పెరుగుతుంది, మంత్రి గారి మీటింగ్‌కు తెలుగు పీపీటీ కావాలన్నప్పుడు గదిలో అందరూ మీ వైపే చూస్తారు.

రిపోర్ట్ మీద మీ పేరు మాత్రం ఉండదు. అట్ట మీద శాఖ లోగో, లోపల సంస్థ పేరు, అంతే. అందుకని ప్రతి ఆరు నెలలకూ చేసిన పనుల జాబితా ఒక పేజీలో రాసి, మీ పని నిజంగా చూసిన ఆఫీసర్ చేత వర్క్ సర్టిఫికెట్ మీద సంతకం తీసుకోండి, ఆయన బదిలీకి ముందే. నా ఇప్పటి పని నాకు అలాంటి రెండు కాగితాల వల్లే వచ్చింది.

ఇక మీ ఆఫర్. మీరు సంస్థను అడగాల్సిన మొదటి ప్రశ్న ఈ పీఎంయూ ఒప్పందం ఎప్పటిదాకా ఉంది అని. స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చి 31న ముగిసినప్పుడు దాని మీదే ఆధారపడిన నా స్నేహితులు కొందరు ఒక్కసారిగా ఖాళీ అయ్యారు. ఏడాదికి పైగా గడువు ఉండి, పీఎఫ్‌తో ఉద్యోగిగా తీసుకుంటామంటే, 2024 నెలల గురించి లోపలివాళ్లు సూటిగా సమాధానం చెప్తే, నేనైతే 52కి బదులు 58 అడిగి, 55కి ఒప్పుకుని చేరతాను. చేరే రోజుకు మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచుకుని చేరతాను. ఒప్పందం ఆరు నెలల్లో అయిపోతుంటే, తర్వాత ఎక్కడ వేస్తారో రాతలో ఇవ్వమనండి, ఇవ్వకపోతే వదిలేయండి. నోటీస్ పీరియడ్ ఎంత రాశారో, బాండ్ ఏమైనా ఉందో మీరు చెప్పలేదు. ఆ రెండు పేరాలు ఇక్కడ రాస్తే చూసి చెప్తాను.